చిలుము పట్టని తూటా

మా మామయ్య పేరు నేను నోటితో అనకూడదు. కోడలిగా ఆ గుడారంలో కుడికాలు పెట్టిన రోజు నుంచీ అదే పద్ధతి, కాబట్టి ఇక్కడా అనను. లోయలో అందరూ ఆయన్ని మెర్గెన్ అంటారు. గురి తప్పనివాడని అర్థం. నేను చెప్పబోయేది ఆ మెర్గెన్ ఒక్క తూటా కూడా పేల్చని వేసవి సంగతి.

రష్యావాళ్ళ యుద్ధం మొదలయ్యాక వచ్చిన మొదటి వేసవి అది. యుద్ధం ఎక్కడో జరుగుతోంది. మా కరా-కోయ్ కొండల్లో టీవీ ఉన్నవాళ్ళకి కూడా అది ఎటువైపో సరిగ్గా తెలియదు. మా అత్తయ్య ఉమ్సునాయ్ అయితే పాలు పితుకుతూనే తేల్చేసింది: "వాళ్ళూ వాళ్ళూ కొట్టుకు చస్తే మనకేం? మన గొర్రెలు గడ్డి మానేస్తాయా?" గొర్రెలు గడ్డి మానలేదు, తోడేళ్ళు గొర్రెల్ని మానలేదు. మా గుమ్మంలోకి యుద్ధం వేరే దారిన వచ్చింది.

వేసవికి మందతో పై కొండల మేతకి బయల్దేరే ముందు మా ఆయన తాలాయ్, నేనూ నారిన్ పట్నం వెళ్ళాం. ఏటా కొన్నట్టే ఉప్పు, పిండి, టీ ఆకు కొన్నాం. చివరికి తూటాల కోసం వేట సామాన్ల కొట్టుకి వెళితే, డబ్బాలు పేర్చి ఉండే అరలో రబ్బరు బూట్లు, ఫ్లాస్కులు పెట్టి ఉన్నాయి.

"తూటాలేవయ్యా?" అన్నాడు తాలాయ్.

"యుద్ధానికెళ్ళాయి," అన్నాడు కొట్టువాడు తల ఎత్తకుండానే.

"మేం ఎవరితోనూ యుద్ధం చెయ్యట్లేదుగా."

"నువ్వు చెయ్యకపోతే ఏం, తూటాలు చేసేవాళ్ళు చేస్తున్నారు. రష్యాలో ఫ్యాక్టరీలన్నీ సైన్యానికే పనిచేస్తున్నాయి. ఇటు డబ్బా రావట్లేదు. మొన్న ఎలాగో నాలుగొచ్చాయి, నాలుగింతల ధరకి గంటలో పోయాయి. ఎవరు కొన్నారనుకున్నావ్? రాజధాని బిష్కెక్ నుంచి పెద్ద కార్లలో వచ్చినవాళ్ళు. సీసాలు వరసగా పెట్టి కొట్టుకుంటారట, సరదాకి."

"మరి మేం తోడేళ్ళని దేంతో కొట్టాలి?"

"బూట్లున్నాయిగా. విసరండి."

తాలాయ్ వాడి మీదకి వెళ్ళబోయాడు. నేను చొక్కా పట్టుకుని బయటకి లాక్కొచ్చాను. వాడి మీద కోపం ఎందుకు, వాడు మాత్రం ఏం చేస్తాడు. కానీ దారంతా లెక్క వేసుకుంటూనే ఉన్నాను. ఇంట్లో పొగాకు డబ్బాలో రెండంటే రెండు తూటాలు ఉన్నాయని నాకు తెలుసు.

మేం కాసేవి మా గొర్రెలు మాత్రమే కావు. వేసవి మొదట్లో ఊళ్ళో ఇంటింటివాళ్ళూ తమ గొర్రెల్ని మాకు అప్పగిస్తారు. మంచు పడేలోపు దించి, లెక్క అప్పజెప్పాలి. తోడేలు తింటే ఆ గొర్రె చెవి కోసి దాచాలి. ఏ ఇంటి గొర్రెకి ఆ ఇంటి గాటు చెవి మీద ఉంటుంది. చెవి చూపిస్తే దొంగతనంగా అమ్ముకోలేదని నమ్ముతారు. నమ్మినంత మాత్రాన వదిలెయ్యరు, బదులుగా మన మందలోంచి ఒకటి ఇచ్చుకోవాలి. మా మంద ఎంతని? అది కరిగిపోతే మిగిలేది ఒకటే దారి, రష్యా వెళ్ళే ట్రక్కు ఎక్కడం. మా లోయలో సగం మంది మగవాళ్ళు ఆ ట్రక్కు ఎక్కినవాళ్ళే. ఆ ఏడాది మాత్రం ఆ మాట అంటేనే నాకు ఒళ్ళు జలదరించేది.

అంతకుముందు వేసవుల్లో పొద్దువాలగానే ప్రతి గుడారం దగ్గరా ఒక తూటా ఆకాశంలోకి పేల్చేవారు. ఇక్కడ మనుషులున్నారు జాగ్రత్త అని తోడేళ్ళకి చెప్పడం అన్నమాట. ఒక గట్టు మీద పేలితే ఇంకో గట్టు మీద పలికేది. పసిపిల్లలు ఆ చప్పుడికి అలవాటుపడి నిద్రపోయేవాళ్ళు. ఆ ఏడాది పొద్దు వాలింది, ఎవరూ పేల్చలేదు. అందరూ అందరి వంకా చూస్తూ కూర్చున్నారు. లోయ అంత నిశ్శబ్దంగా ఉండటం నేను ఎప్పుడూ వినలేదు. తోడేళ్ళు కూడా విన్నట్టున్నాయి.

మొదటిసారి వానలో వచ్చాయి, పట్టపగలు. అక్తోష్, అంటే మా తెల్లరొమ్ము కుక్క, గొంతు చించుకుంటోంది. నేను పళ్ళెం వాయిస్తూ పరిగెత్తాను. తాలాయ్ తుపాకీతో వచ్చాడు. మామయ్య గుడారం గుమ్మంలో నిలబడ్డారు.

"మామయ్యా, మీరు తీసుకోండి తుపాకీ!" అని అరిచాను.

"దూరం ఎక్కువ. వానలో పారేసుకోడానికి తూటాలు కాయల్లా కాస్తున్నాయా?" అని కసిరారు ఆయన.

తాలాయ్ ఆగలేక రెండూ పేల్చేశాడు. రెండూ బండలకి తగిలాయి. మా ఆయన మంచివాడు, గుర్రం మీద కూర్చుంటే చూడముచ్చటగా ఉంటాడు, గురి మాత్రం దేవుడు ఇవ్వలేదు. తోడేళ్ళు తీరిగ్గా తినవలసింది తిని, పోయే ముందు వెనక్కి తిరిగి చూసి మరీ పోయాయి.

అత్తయ్య తడి చెవుల్ని దారానికి గుచ్చి గుడారం కొయ్యకి వేలాడదీసింది. "తండ్రి కొడితే కొండ మేక కొమ్ములు విరిగేవి. కొడుకు కొడితే కొండకే దెబ్బ తగిలింది," అంది. అన్నం తినేటప్పుడల్లా మా తల మీద ఆ దారం ఊగుతూనే ఉండేది. వారం తిరిగేసరికి అది ఇంకా పొడుగైంది.

"చలి పడేలోపు ట్రక్కు వస్తుందట," అన్నాడు తాలాయ్ ఒక సాయంత్రం, జీను కుట్టుకుంటూ, నా వైపు చూడకుండా.

"వస్తే రానీ."

"మాట వరసకి చెప్పాను సల్కిన్, అరవకు."

"మాట వరసకి కూడా చెప్పకు. మీ పెద్దనాన్న కొడుకు మాక్సత్ అక్కణ్ణుంచి ఫోన్లో ఏమన్నాడో మర్చిపోయావా? పోలీసులు కూలీల హాస్టళ్ళ మీద పడి, కాగితాలు సరిగ్గా లేవని పట్టుకుపోయి, సంతకం పెడితే వదిలేస్తాం అంటున్నారట. పెట్టినవాణ్ణి తిన్నగా యుద్ధానికే తోలుతున్నారట."

"నా కాగితాలు సరిగ్గానే ఉంటాయి."

"మాక్సత్ కాగితాలు కూడా సరిగ్గానే ఉన్నాయి."

మాక్సత్ ఆ ఫోన్ తర్వాత మళ్ళీ చెయ్యలేదు. తాలాయ్ మళ్ళీ జీనులోకి సూది దించాడు. అత్తయ్య పాల బకెట్ తీసుకుని బయటకి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నాకు ఒక పని మీద మనసు నిలిస్తే ఒట్టు. పాలు కాస్తూ గట్టు వైపు చూసేదాన్ని, గట్టు మీద ఉంటే గుడారం వైపు చూసేదాన్ని. ఒక్కొక్క గొర్రె పోతుంటే మా ఆయన ఒక్కొక్క అడుగు ఆ ట్రక్కు వైపు వేస్తున్నట్టే ఉండేది నాకు.

వాగు అవతలి గట్టు మీద బేయ్షే బాబాయ్ గుడారం. ఆయనకి ఎక్కడెక్కడి మనుషులో తెలుసు, ఏది కావాలన్నా ఎక్కణ్ణుంచో పుట్టిస్తాడు. ఎక్కణ్ణుంచని అడక్కూడదు. ఒకరోజు వచ్చి, టీ తాగి, కబుర్లయ్యాక జేబులోంచి గుడ్డ మూట తీసి విప్పాడు. ఐదు తూటాలు.

"మెర్గెన్, నీ కోసమే ఉంచాను. ఒక ఆడ గొర్రె ఇప్పించు చాలు. బయట రెండడుగుతున్నారు."

"ఆ రెండడిగేవాడు కూడా నువ్వేనేమో!" అంది అత్తయ్య. బేయ్షే నవ్వాడు.

ఏ గొర్రె ఇవ్వాలో వేరే చెప్పక్కర్లేదు. పెళ్ళికి మా నాన్న నాకిచ్చిన వంకర కొమ్ముది ఒక్కటే అప్పటికి బలంగా ఉంది. పోనీలే, తూటాల కోసమేగా అనుకున్నాను. మామయ్య ఒక్కొక్క తూటానే తీసి, వేళ్ళ మధ్య దొర్లించి, వాసన చూసి, తల ఊపారు. "బంగారంలా ఉన్నాయి," అన్నారు.

నేను టీ పోస్తూ దగ్గరగా చూశాను. ఇత్తడి అడుగున, పేలవలసిన చోట చుట్టూ, పచ్చగా చిలుము పేరుకుని ఉంది. ఏ తడి నేలలో ఎన్నేళ్ళు పాతిపెట్టినవో! అవి పేలితే నేను చెవి కోసుకుంటాను. మెర్గెన్ లాంటి మనిషి వాటిని బంగారం అనడమేమిటి?

కోడలు మామగారి మాటకి ఎదురు చెప్పకూడదు. సరే, చెప్పలేదు. గుమ్మంలో పడుకున్న అక్తోష్‌కి చెప్పాను.

"ఒరేయ్ అక్తోష్, మా పుట్టింట్లో అయితే ఇంత చిలుము పట్టిన తూటాల్ని మా నాన్న గొర్రెకి కాదు కదా, నువ్వు నాకి పారేసిన బొమిక్కి కూడా కొనేవాడు కాదురా."

మామయ్య చెయ్యి తూటా మీద అలాగే ఆగిపోయింది. మెల్లగా బొటనవేలితో దాని అడుగు తడిమారు. గోరుకి పచ్చటి పొడి అంటుకుంది. ఆయన మొహంలో ఒక్క క్షణం కనిపించినది కోపం కాదు, భయం. నాకు అప్పుడది అర్థం కాలేదు. మరుక్షణం ఆయన గట్టిగా నవ్వారు.

"కుక్కకి కూడా తెలిసిపోయింది బేయ్షే! నీ అంతట నువ్వు చెప్తావేమోనని చూస్తున్నా, ఎంతకీ చెప్పవే?"

బేయ్షే బాబాయ్ మొహం ఎర్రబడింది. మూట కట్టేసుకుని, "నాకిచ్చినవాడు నన్ను మోసం చేశాడు," అంటూ లేచాడు. మర్నాడు పొద్దున్నే ఆయన కొడుకు ఉలార్ వాగు దాటి వచ్చాడు. వాడికి పంతొమ్మిదేళ్ళు, నోరు మూతపడదు. నన్ను వదినా అని పిలుస్తూ, నా చేత తిట్లు తినడానికే వస్తున్నట్టు ఉండేవాడు. అరచేతిలో మూడు తూటాలు పెట్టి చూపించాడు. మిలమిలా ఉన్నాయి.

"మా నాన్న సొంత సంచిలోవి. మంచివి ఇవే ఉన్నాయి. రాత్రంతా మా అమ్మ దులిపేసింది, మెర్గెన్‌కి చిలుము తూటాలు అమ్ముతావా అని. వంకర కొమ్ముదాన్ని తోలుకురమ్మంది."

"మరి మీకు?"

"మీరు వద్దన్న పచ్చవి ఉన్నాయిగా. తోడేలు వాటి రంగు చూసి వాంతి చేసుకుని పారిపోతుంది."

"నీ మొహం. నువ్వెప్పుడైనా పేల్చావా అసలు?"

"ఎక్కడ వదినా! తుపాకీ తుడవమంటాడు, తూటా ముట్టుకోనివ్వడు. ఖరీదంటాడు. చూడు, మెర్గెన్ పెద్దనాన్న కాల్చాక ఒకటి మిగిలిందనుకో, అది నాది. చెప్పుంచు ఆయనకి."

చెప్తాలే అన్నాను. వాడు నా వంకర కొమ్ము గొర్రెని భుజాల మీద వేసుకుని, పాట పాడుకుంటూ వాగు దాటేశాడు.

రెండు రోజులయ్యాక మామయ్య, తప్పిపోయిన ఆడగుర్రాన్ని వెతకాలి నువ్వు రా అన్నారు. కొడుకుని కాకుండా కోడల్ని రమ్మనడం వింతే. ఆయన గుర్రం కళ్ళెం పట్టుకుని పై చరియ దాకా నడిపించాను. అక్కడ ఆయన దిగి, తుపాకీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. గుర్రం ఏదీ తప్పిపోలేదని నాకు అప్పటికే తెలుసు.

"ఎదురుగా బండ ఉండాలి. దాని మీద ఏమైనా కూర్చుందా?" అన్నారు.

"రాబందు ఉంది మామయ్యా."

"రెక్కలు ముడుచుకుందా?"

"విప్పి ఆరబెట్టుకుంటోంది."

"నాకు బండే కనపడట్లేదమ్మా."

గాలికి గడ్డి వంగి లేస్తోంది.

"ముందు దూరం పోయింది. తర్వాత మధ్యలో పోయింది. నీ మొహం ఉన్నచోట ఇప్పుడు పొగ ఉంది. నారిన్‌లో చూపించుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. లోపల నరం ఎండిపోయిందట, కోసినా కుట్టినా రాదట," అన్నారు. "ఒక మాట చెప్పనా? కొట్లో తూటాలు లేవని తాలాయ్ వచ్చి చెప్పిన రోజు నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంక నన్ను ఎవరూ కాల్చమనరు కదా అని. అక్కడెక్కడో ఎవరి పిల్లలో చచ్చిపోతుంటే ఇక్కడ నేను హాయిగా గుండెల మీద చెయ్యేసుకుని పడుకున్నాను. చూశావా ఎలాంటివాణ్ణో!"

"తాలాయ్‌కి చెప్పాలి మామయ్యా."

"చెప్తే? ఇంట్లో తుపాకీ పట్టేవాడు లేడని తెలిస్తే వాడు చలి దాకా ఆగుతాడా? రేపే గొర్రెలమ్మి వెళ్ళిపోతాడు. నీకు కావాలా అది?"

నాకు ఏడుపొచ్చింది. "నాకెందుకు చెప్పారు మరి?" అన్నాను.

"నువ్వు కుక్కతో మాట్లాడే మనిషివి. మాట బయటకి పోదని నమ్మకం. పైగా మీ నాన్నకి మగపిల్లలు లేరు. ఆయన తుపాకీ ఎవరు మోశారో నాకు తెలియదనుకున్నావా, పెళ్ళికి ముందే వాకబు చేశాను." తుపాకీ నా చేతుల్లో పెట్టారు. "పడుకో. పడుకుని పట్టు."

పడుకుని కాల్చాలంటే కాళ్ళు వెనక్కి చాపాలి. ఆయన వెనకే కూర్చున్నారు. మామగారి ముందు కోడలు కాళ్ళు చాపదు, అరికాళ్ళు చూపించడమంటే మొహాన ఉమ్మినట్టే. నేను మోకాళ్ళు ముడుచుకుని అవస్థ పడుతుంటే ఆయనకి చప్పుడుని బట్టే తెలిసిపోయింది.

"నేను గుడ్డివాణ్ణమ్మా. నాకు నీ కాళ్ళు కనపడవు. చాపు," అన్నారు.

చాపాను. మా పెళ్ళైన ఐదేళ్ళలో ఆయన ముందు ఒళ్ళు సాగదీసి ఊపిరి పీల్చుకోవడం అదే మొదటిసారి.

మూడు తూటాల్లో ఒకటి కూడా నేర్చుకోడానికి పాడుచెయ్యడానికి లేదు. అందుకని ఖాళీ తుపాకీతోనే సాధన. ఎండబెట్టిన పెరుగు ఉండ కురుత్ ఒకటి గొట్టం కొస మీద నిలబెట్టేవారు. మీట నొక్కినప్పుడు అది కింద పడకూడదు. పడితే చెయ్యి అదిరినట్టు. పడిన చప్పుడు వినగానే ఆయన, "నాదే," అని తడుముకుని తీసి నోట్లో వేసుకునేవారు. మొదటి వారం ఆయనకి కడుపు నిండిపోయింది. అత్తయ్య, ఈ ముసలాయన సాయంత్రం ఏమీ తినడేమిటి అని బెంగపెట్టుకుంది. తర్వాత్తర్వాత ఆయనకి తినడానికి ఏమీ దొరికేది కాదు.

గుర్రం మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. "ఆ గుర్రం మహా తెలివైనది," అన్నాడు తాలాయ్ ఒకసారి, మా గుర్రాలన్నీ కొట్టం ముందు కట్టేసి ఉండగా. ఎగతాళి చేశాడో, నిజంగానే గమనించలేదో నేను అడగలేదు.

వేసవి చివర్లో తాలాయ్ కింద పచ్చికకి గడ్డి కోతకి వెళ్ళిన రోజున, మధ్యాహ్నం, లోయలోంచి పొగమంచు పాలు పొంగినట్టు పైకి వచ్చింది. గొర్రెలు ఉన్నట్టుండి మేత మానేసి ఒకదాన్నొకటి తోసుకున్నాయి. అక్తోష్ అరవలేదు, గుర్రుమంది. అది అరవకపోతే దగ్గరగా ఉన్నాయని అర్థం. నేను ఒక చేత్తో తుపాకీ, ఇంకో చేత్తో మామయ్య చెయ్యి పట్టుకుని ఆయన్ని రాళ్ళ గుట్ట దాకా పరిగెత్తించాను. కాళ్ళు చాపుకుని పడుకున్నాను. ఈసారి సిగ్గు గుర్తురాలేదు.

"ఏం కనపడుతోంది?"

"ఏమీ లేదు. అంతా తెలుపే."

"గాలి ఎడమ చెంపకి తగులుతోంది. చీలుతుంది, ఆగు."

చీలింది. బండ పక్కన బూడిద రంగుది ఒకటి నిలబడి మందని ఏరుకుంటోంది, సంతలో మనిషి ఏరుకున్నట్టు. నొక్కాను. ఎక్కడో రాయి ఠంగుమంది.

"రాయి. పైనుంచి పోయింది," అన్నారు మామయ్య నిదానంగా. "ఊపిరి సగం వదిలి ఆపు. కురుత్ పడకూడదు."

తోడేలు కదల్లేదు. ఆ వేసవి వాటికి అంత ధీమా వచ్చేసింది. రెండో తూటా పెట్టాను. నా మనసులో తోడేలు లేదు. ట్రక్కు వెనక చెక్క మీద కూర్చుని దూరమైపోతున్న మా ఆయన మొహం ఉంది. ఊపిరి సగం వదిలాను.

చప్పుడు కొండల్లో తిరిగి తిరిగి ఆగిపోయింది. పొగమంచు మళ్ళీ మూసుకుంది.

"రాయి మోగలేదు," అన్నారు మామయ్య.

ఆయన జేబులోంచి ఒక కురుత్ తీసి, తడుముకుంటూ నా అరచేతిలో పెట్టారు. "ఇది నీది," అన్నారు.

తోడేల్ని కొట్టినవాడు దాన్ని గుర్రం మీద వేసుకుని గుడారం గుడారానికీ తిరగాలి. ఒక తోడేలు చస్తే అందరి మందలూ బాగుపడతాయి కాబట్టి ప్రతివాళ్ళూ ఒక గొర్రెపిల్లనో మేకపిల్లనో ఇస్తారు. మా దారం మీద చెవులకి సరిపడా పిల్లలు ఆ ఒక్క రోజులో వచ్చాయి. మామయ్య గుర్రం మీద, నేను కళ్ళెం పట్టుకుని కింద. కోడలు ఎంత మర్యాదగా నడిపిస్తోందో చూడండి అని ఆడవాళ్ళు మెచ్చుకున్నారు. బేయ్షే గుడారం దగ్గర అందరూ గుమిగూడారు.

"ఎన్ని తూటాలు పట్టాయి మెర్గెన్?"

"రెండు."

"అదేమిటి, నీకెప్పుడూ ఒక్కటేగా!"

"కొత్త కళ్ళు బేయ్షే. ఇంకా అలవాటవ్వాలి."

హాస్యానికన్నారని అందరూ నవ్వారు. బేయ్షే బాబాయ్ తన మందలో మంచి పిల్లని ఏరి ఇచ్చాడు. ఉలార్ మాత్రం నా చెవిలో, "ఒకటి మిగిలింది కదా వదినా? అది నాది, మర్చిపోకు," అన్నాడు. ఆ రాత్రి అత్తయ్య నా కుడి భుజం మీద నల్లగా కమిలిన చోట గొర్రె కొవ్వు రాస్తూ, "బస్తా మోశావా?" అంది. అవునత్తయ్యా అన్నాను. "బరువైన బస్తానే మోశావులే," అని, ఇంకేమీ అడక్కుండా రాసింది. కొయ్య మీద దారం అప్పటికే తీసేసి ఉంది.

కథ ఇక్కడ ఆగిపోతే ఎంత బాగుండేది! తోడేళ్ళు తెలివితక్కువవి కావు. మా గట్టు మీద తుపాకీ పేలుతోందని వాటికి తెలిసింది. అవి వాగు దాటాయి.

వానకి వాగు పొంగిన రోజున అవతల కేకలు వినపడ్డాయి. తాలాయ్, నేనూ తుపాకీ తీసుకుని గుర్రమెక్కి వాగు దాకా వెళ్ళాం. మాకు మిగిలిన ఒక్క తూటా అంత దూరం అందదు. నీళ్ళు గుర్రం రొమ్ముల దాకా ఉన్నాయి, అది దిగనని మొరాయించింది. అవతలి గట్టు మీద బేయ్షే బాబాయ్ తుపాకీ ఎత్తడం, దించడం, తూటా మార్చడం, మళ్ళీ ఎత్తడం మాకు కనపడుతూనే ఉంది. చప్పుడు మాత్రం రాలేదు. ఒక్కసారి కూడా రాలేదు. చుట్టు తిరిగి పై రేవు దాటి మేం చేరేసరికి అంతా అయిపోయింది. ఆయన భార్య తడి గడ్డిలో కూర్చుని చెవులు కోస్తోంది. మా మీద ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని నాకనిపించింది. నా వంకర కొమ్ముది కూడా అక్కడే పడి ఉంది.

మంచు పడేలోపు కిందకి దిగాం. ఊళ్ళోవాళ్ళ గొర్రెలు లెక్క అప్పజెప్పాం. ట్రక్కు కోసమని తాలాయ్ తీసి పెట్టుకున్న సంచి పెట్టె మీదే ఉండిపోయింది, నేను దాన్ని విప్పి ఉల్లిపాయలు పోశాను. ట్రక్కు రానే వచ్చింది. ఉలార్ ఎక్కాడు.

"వెళ్ళకురా. మా మందలోంచి కొన్ని తీసుకోండి, మెల్లగా తీర్చుదురుగాని," అన్నాను చక్రం పక్కన నిలబడి.

"ఎన్నిస్తావు వదినా? మాకు పోయినవన్నీ ఇస్తే మళ్ళీ మీ ఆయన ఎక్కాలి ఇది," అని నవ్వాడు. "భయపడకు. ఇటుకలు మోసి, వసంతానికి వచ్చేస్తా. నా తూటా జాగ్రత్త."

నాలుగు నెలలు ఫోన్లు వచ్చాయి. తర్వాత, ఏదో కాగితం మీద సంతకం పెట్టాడని వాడితో ఉన్నవాడెవడో చెప్పాడు. తర్వాత ఏమీ రాలేదు.

వసంతం వచ్చింది. మళ్ళీ పై మేతకి వెళ్ళే రోజులు. నేను ఉండబట్టలేక ఆ మూడో తూటా తీసుకుని బేయ్షే బాబాయ్ ఇంటికి వెళ్ళాను. ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. కొట్టంలో గొర్రె చప్పుడు లేదు.

"మీదే బాబాయ్. తీసుకోండి," అన్నాను.

ఆయన తీసుకున్నాడు. దాని అడుగు వెలుతురుకేసి పట్టి, చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. చిలుము తూటాలు అమ్మబోయిన మనిషే, ఎక్కడైనా చిన్న పచ్చటి చుక్క ఉందేమోనని అంత శ్రద్ధగా వెతికాడు.

"బాగుంది. ఏమీ పట్టలేదు," అన్నాడు. నా అరచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మూశాడు. "నాకెందుకమ్మా. వాడు వచ్చాక వాడి చేతికే ఇవ్వు."

ఇంటికొచ్చి మామయ్యకి చెప్పాను. ఆయన చెయ్యి చాపారు. అప్పటి నుంచీ రోజూ పొద్దువాలే వేళకి, పూర్వం ఆకాశంలోకి పేల్చే ఆ వేళకే, దాన్ని ఉన్ని ముక్కతో తుడుస్తారు. తుడిచి నాకిస్తారు. నేను వెలుతురుకి పట్టి చూస్తాను.

"పట్టిందా?" అంటారు.

"లేదు మామయ్యా," అంటాను.